గంతకు తగ్గ బొంత

మాకు నలభై అయిదు దినాలు ట్రైనింగు.
కర్నూలు పశువుల ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో
గోడకు వేలాడే ఆవుబొమ్మకు
నాలుగు పొట్టలు, నాలుగు రంగుల్లో.
ఎద్దుకు రెండు దినాలు, బర్రెకు మూడు,
గొర్రెల టీకాలకు వారం.
గాడిదకు అరగంట.
ఆ అరగంటా కరెంటు లేదు.

కోడుమూరు దాటినాక, హంద్రి ఒడ్డున
ఇటికెల బట్టీల పొగలో
మద్దిలేటి గాడిదను మొదటిసారి చూసినప్పుడు
నా సంచిలో అన్నీ ఉన్నాయి:
పొట్లంలో చిటికెడు పర్మాంగనేటు,
పురుగులకు టర్పెంటైను,
ఐసు డబ్బాలో ధనుర్వాతం సూది,
రబ్బరు వాసన ఇంకా వదలని స్టెతస్కోపు.
లేనిదల్లా దగ్గరికి పోయే ధైర్యం.

మెడ దిగి వీపు మొదలయ్యే చోట
అరచెయ్యంత పుండు.
ఈగలు లేస్తున్నాయి, వాలుతున్నాయి,
వాటిదీ అక్కడ కూలిపనే అన్నట్టు.

"గాడిదికి గూడా డాక్టరామ్మా?"
ఎగతాళి కాదు, మద్దిలేటి నిజంగానే అడిగినాడు.
"డాక్టరును కాదన్నా, నేర్చుకుంటుండా."
"అయితే దీని మీదనే నేర్చుకో.
తంతాది. ముందే చెప్తుండా."

తన్నలేదు.
చెవులు వెనక్కి పెట్టి
నేను ఎంతసేపు నిలబడతానో చూసింది.
కడిగినాను. పురుగులు ఏరినాను,
పదిహేడు దాకా లెక్కపెట్టి మానుకున్నాను.
"పది దినాలు బరువు వద్దు" అన్నాను
పుస్తకంలో ఉన్నట్టే.
మద్దిలేటి బట్టీ వైపు చూసినాడు,
పచ్చి ఇటికెలు ఆరబెడుతున్న సుంకులమ్మ వైపు చూసినాడు.
"దాన్ని నిలబెడితే
ఆ ఇటికెలు మా ఆడమనిషి నెత్తికెక్కుతాయమ్మా."
పుస్తకంలో ఆ పేజీ లేదు.

వారానికి మళ్ళీ పోతే పుండు అంతే ఉంది.
ఈసారి గంతను తిప్పి చూసినాను.
గోనెపట్ట, లోపల వరిగడ్డి,
గడ్డి ఉండలుగట్టి రాయైపోయిన చోటు,
తాడుముడి సరిగ్గా పుండు మీదికి దిగే చోటు.
మందంతా గాడిదకు పూసినాను,
ముడికి ఏమీ చెయ్యలేదు.

మా జేజి దూదేకి బొంతలు కుట్టేది,
వెల్దుర్తి నుంచి పత్తికొండ దాకా.
ఏ మంచానికి ఎంత మందం, ఏ బాలింతకు ఎంత మెత్తన,
అంచనా ఆమె వేళ్ళల్లో ఉండేది.
నన్ను ఆ పని నుంచి తప్పించాలనే
మా నాయన ఇంటరు దాకా చదివించినాడు.
గంతకు తగ్గ బొంత అని జనం నవ్వుతా అంటే
మొగుడూ పెళ్ళాల మాటే అనుకున్నా ఇన్నాళ్ళూ.
ఆ మాట ముందు ఒక గాడిద వీపు మీద పుట్టి ఉంటుందని
మద్దిలేటి గుడిసె ముందర
దబ్బణంలో దారం ఎక్కిస్తా ఎక్కిస్తా అనుకున్నా.

సుంకులమ్మ పాత చీర ఇచ్చింది.
దూది మాయింటి అటక మీదిది.
వెన్నుకు అటొక దిండు, ఇటొక దిండు,
మధ్యన గాలి ఆడే సందు.
పుండుకు ఎదురుగా
గుండ్రంగా కోసి వదిలేసిన ఖాళీ.
ముడిని జానెడు వెనక్కి జరిపినాను.
నలభై ఇటికెలను ఇరవై ఎనిమిదికి దించమంటే
ముప్పైకి బేరం తెగింది.

మా రిజిస్టరులో గడులు ఇవి:
ఆవు, ఎద్దు, బర్రె, గొర్రె, మేక, కోడి, ఇతరములు.
ఇతరముల్లో రాసినాను: గాడిద, ఆడది, ఒకటి.
వాడిన మందు: పాత చీర, అర్ధశేరు దూది, దారం.
సారు చదవకుండానే సంతకం పెట్టినాడు.
మళ్ళీ ఏమనుకున్నాడో, కళ్ళద్దాలు తుడుచుకొని
"ఈ చీర స్టాకులో చూపించినామా?" అన్నాడు.

ఉగాది దాటినాక
మానిన చోట వెంట్రుకలు మొలిచినాయి, తెల్లగా.
బూడిదరంగు వీపు మీద అరచెయ్యంత తెలుపు.
అంతకుముందు దానికి పేరు లేదు.
ఇప్పుడు బట్టీలో పిల్లలు
తెల్లమచ్చా, రావే, అంటున్నారు.

పక్క బట్టీ వాళ్ళు నిన్న
రెండు గాడిదలను తోలుకొచ్చి నిలబడినారు.
సంచిలో స్టెతస్కోపును పక్కకు తోసి
దబ్బణం వెతుక్కుంటా
చీరలు తెచ్చినారా, అని అడిగినాను.